ఎనభై ఏడో వంతు

బొబ్బిలిలో నా మోటారు వైండింగు షాపు వెనక
ఇంకో గదుంది.
అందులో మనుషులు అగ్గిపుల్లలో సగం పొడుగు.
వీణల కార్ఖానా నుంచి ఈశ్వరాచారి తెచ్చే పనసచెక్క ముక్కలు
అక్కడ పెట్టెలవుతాయి, వ్యాగన్లవుతాయి.
చెవి ఆనిస్తే
లోపలెక్కడో ఇంకో తీగ మిగిలినట్టే ఉంటాయి.

కొందామంటే దొరికే పట్టాలు మనవి కావు.
వాటి మధ్య ఎడం పదహారున్నర మిల్లీమీటర్లు,
మన బ్రాడ్‌గేజికి పందొమ్మిది దాటాలి.
ఆ మూడు మిల్లీమీటర్ల కోసం మూడేళ్లు పోయాయి.
మా ఆవిడ లెక్కలో నాలుగు.

ఏటా విశ్వకర్మ పూజనాడు
పనిముట్లకి బొట్లు పెట్టాక
పద్దుల పుస్తకం తిరగేసి, వెనక పేజీల్లో రాస్తాం
ఏ ఇంజను కావాలో, ఏ పెట్టె కావాలో.
ఎవరు చేసిస్తారని అడక్కండి.
రాయడం ముందు, ఇత్తడి ధర తరవాత.

సాలూరు నుంచి తవిటినాయుడొస్తాడు,
లారీ బాడీల మీద నెమళ్లు దించే చెయ్యి.
అతనికి పాత డీజిలింజను కావాలి, డబ్ల్యూడీఎం టూ.
రంగు దగ్గరే పేచీ.
"టమాటా ఎరుపు కాదు బావూ,
ఎండలో మూడేళ్లు ఎండీసి, మసి తాగీసిన ఎరుపు"
అని బొటనవేలి గోటి మీద కలిపి చూపిస్తాడు.
ఆ గోటితోనే పకోడీ తింటాడు.

ఈశ్వరాచారికి ఇంజన్ల మీద మోజు లేదు.
నౌపడా చిన్నలైను పెట్టె ఒక్కటి చాలు,
కిటికీ చెక్కలు పైకీ కిందకీ జరగాలి,
లోపలి బల్ల మీద చాకుతో ఎవరో చెక్కిన పేరుండాలి.
ఏ పేరంటే చెప్పడు.
"అది నాను సెక్కుతాన్లే."

ఇంకా, ఎర్రదీపంతో సహా గార్డు పెట్టె.
మామిడిపళ్ల పార్సిలు వ్యాను, వాసన సంగతి తేలలేదు.
వందేభారత్ ఒకటి, మా బావమరిది కొడుకు ఏడ్చాడని,
పెన్సిలుతో.

ఈ ఏడు హైమ వచ్చింది, పాలిటెక్నిక్ రెండో ఏడు.
కాలిపోయిన ఫ్యాను ఇవ్వడానికొచ్చి
బల్ల చూసి కదల్లేకపోయిన పిల్ల.
పుస్తకం లాక్కుని రాసింది:
సాలూరు రైలుబస్సు.

ఎవరం మాట్లాడలేదు.
ఒకటే పెట్టె, దానికదే ఇంజను.
దాన్ని రైలనడానికే తవిటినాయుడికి నామోషీ,
ఏళ్ల తరబడి దాన్లోనే తిరిగినవాడు.

కింద ఇంకో వరస చేర్చింది హైమ.
గేటు దగ్గర బండి ఆగాలి. మనిషి దిగాలి. గేటు వెయ్యాలి.
బండి దాటాక గేటు తీసి, మళ్లీ ఎక్కాలి.
చిన్నప్పుడు కిటికీలోంచి చూసేదట,
ఆయన ఎక్కేదాకా బండి కదలకపోవడం
భలే నచ్చేదట.

రెండు సెంటీమీటర్ల మనిషి.
వాడు దిగడానికి మోటారు ఎంతుండాలి?
ఇరవై ఆరేళ్లుగా చుడుతున్నాను,
మిక్సీలకి, నీళ్ల మోటార్లకి, పెళ్లిమండపం ఫ్యాన్లకి.
ఇప్పుడు వెంట్రుక కన్నా సన్నటి తీగ
ఆవగింజంత ఇనుము చుట్టూ.
తెగింది. మళ్లీ తెగింది.
పదకొండోసారి మనిషి దిగాడు గానీ
పట్టాల మీద బోర్లా పడ్డాడు.
"తాగీసినాడేటి?" అన్నాడు తవిటినాయుడు.

కార్తీకంలో ఒక రాత్రి కరెంటు పోయింది.
రైలుబస్సు గేటు ముందు ఆగిపోయి ఉంది,
మనిషిది ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు గాల్లో.
సెల్‌ఫోను వెలుగులో నలుగురం వంగి చూస్తున్నాం.
అసలు స్టేషను వేపునుంచి
రాయగడ గూడ్సు కూతేసుకుంటూ పోయింది.
గోడలో మేకులు గలగలమన్నాయి, బల్ల సన్నగా అదిరింది.
ఆ అదురుకి
వాడి రెండో కాలు నేలకానింది.

పెన్ను తీసి ఆ వరస కొట్టెయ్యబోతే
హైమ చెయ్యి అడ్డం పెట్టింది.
ఇంకా ఎక్కాలి కదండీ, అంది.