ఏడేళ్లు ఎక్కువ

టైపింగు కొట్టు మస్తాన్‌వలీ
అర దీనారు ముందే తీసుకుని
"అడుగుతా, చెప్పక్కా" అన్నాడు.
తెర మీద అరబ్బీ కుడి నుంచి బయల్దేరింది.
నేను ఎడమ నుంచి మొదలుపెట్టాను.

ఎవరికి సాయం?
మా ఓబుళమ్మత్తకు. మా నాయన చెల్లెలు.
"అత్తకు గడి లేదక్కా ఈ కాగితంలో.
అమ్మ ఉంది, మొగుడున్నాడు, బిడ్డ ఉంది."
నన్ను విమానమెక్కించిన టిక్కెట్టు ఆమె జీతం.
సాల్మియా ఇంట్లో, మొదటి రాత్రి,
వంటగది నేల మీద నేనేడుస్తుంటే
ఫోనులో తెల్లారేదాకా పలికిన గొంతు ఆమెది.
ఆ గొంతే ఇప్పుడు ఒక పక్కకు ఒరిగిపోయింది.
ఏ గడిలో పడుతుందో నువ్వే చూడు.
వలీ గడ్డం గోక్కుని
"బంధువు" అని కొట్టాడు.

ఏం చేసేది?
ఒకే ఇంట్లో ముప్పై మూడేళ్లు.
యుద్ధం ఆరిన ఏడాది వచ్చింది,
ఆరేసిన బట్టల మీద ఇంకా నూనె మసి రాలే రోజులు.
ఐదుగురు పిల్లల్ని ఎత్తుకుంది.
వాళ్లలో ఒకడి గడ్డంలో మొన్న తెల్లవెంట్రుక చూసి
తనే పెంచినట్టు మురిసిపోయింది.
మామా పోయాక ఇల్లు అమ్ముకున్నారు.
చిన్నోడు అకామా మాత్రం ఏటేటా కొట్టిస్తాడు,
తోసెయ్యలేక, పిలుచుకోలేక.

జబ్బు?
రంజాను ఇరవై ఏడో రాత్రి
సమోసాలు మడుస్తా ఉంటే
కుడిచెయ్యి మడత మధ్యలో ఆగిపోయింది.
ఆస్పత్రిలో ఆ వేళ్లకు ఎండిన పిండిని
నేనే గోటితో గీరి తీశాను.

చూసుకునే మనిషి రోజుకు ఎన్ని గంటలు?
రాత్రి పది నుంచి ఆరు దాకా ఆస్పత్రిలో నేల తుడుస్తాను.
దానికి లెక్కుంది, సూపర్‌వైజరు సంతకముంది.
ఫర్వానియా గదికొచ్చి
ఆమెను పక్కకు పొర్లించడం,
ఖుబూసు పాలలో నానబెట్టి పెదవి దాటించడం,
డైపర్లు చవగ్గా దొరికే అంగడికి ఎండలో నడిచిపోవడం,
పక్క మంచం మలయాళీ పిల్ల ముక్కు మూసుకోకముందే
కిటికీ తెరవడం.
నిద్రపోయినా నా చెవి ఒకటి మేలుకునే ఉంటుంది వలీ,
ఆ చెవికి ఎన్ని గంటలు రాస్తావు?
"ఎనిమిదేద్దాం. అంతకు మించితే నమ్మరు."

వయసు?

నోట మాట రాలేదు.
నిజం చెప్తే యాభై తొమ్మిది.
ధర్మసంస్థ గోడ మీద రాసుంది,
అరవై ఐదు దాటినోళ్లకే అని.
"పాసుపోర్టు ఇయ్యక్కా" అన్నాడు వలీ.
విప్పి చూశాడు. నా వైపు చూశాడు.
అరవై ఆరు.

రాయచోటి ఏజెంటు పుణ్యం.
ముప్పై నిండని ఆడదాన్ని పంపరంటే
నాలుగేళ్లు కలిపితే సరిపోయేది,
ఎందుకైనా మంచిదని ఏడు కలిపాడు.
దానిక్కూడా డబ్బు తీసుకున్నాడు.
"రెండు పుట్టినరోజులమే నాకు,
దేనికీ ఒక బెల్లంముక్క దిక్కులేదు"
అని నవ్వేది అత్త.
బతకని ఆ ఏడేళ్లు
ఇన్నాళ్లూ సూట్‌కేసు అడుగున పడున్నాయి,
చెల్లని నోట్లని మేమనుకున్నవి.

వలీ ఇంకేం అడగలేదు.
ప్రింటు తీసి, పిన్ను కొట్టి,
"నెల తర్వాత రమ్మంటారు,
ఆ తర్వాత ఇంకో నెలంటారు, పోతానే ఉండు" అన్నాడు.
అర దీనారు తిరిగిచ్చెయ్యబోయి
ఏమనుకున్నాడో, జేబులోనే ఉంచుకున్నాడు.

గదికొచ్చి చెవి దగ్గర చెప్పాను:
అత్తా, నీ దొంగ ఏండ్లు పనికొచ్చేట్టున్నాయి.
కదిలే పక్క పెదవి కదిలింది.
ఎన్ని అన్నట్టు ఎడమచెయ్యి ఎత్తి
ఐదు వేళ్లూ చాపింది.
చాల్లేదు.
పడిపోయిన చెయ్యి వైపు ఒకసారి చూసుకుని
నా చెయ్యి లాక్కుని
రెండు వేళ్లు తీసుకుంది.