పద్దెనిమిది శాతం

సంతపేట సందులో యుగంధర్ అంగడి.
పాత సెల్లులు, పాత చార్జర్లు, పాత ఆటల డిస్కులు.
అట్టను గుడ్డతో తుడిచి చేతికిస్తా ఒక మాటన్నాడు:
“న్నా, మూల మీద పద్దెనిమిది ఉండాది, చూసినావా?
పిలకాయలకు కాదంట ఇది.”
చూసినా.
చూసి, నూరు రూపాయలు తగ్గించమన్నా.

మావాడికి తొమ్మిది.
లెక్కల్లో తొంభై తెస్తే కొనిస్తానని
నోరు జారినోణ్ణి నేనే.
వాడు తొంభై నాలుగు తెచ్చినాడు.

ఇంట్లో హంసవేణి అట్టను తిప్పి తిప్పి చూసింది.
ఇంగ్లీషు రాదు గాని దానికాడ అంకెలు దాచలేం,
పాల చీటీలో పావులీటరు తేడా పట్టే మనిషి.
“ఈ పద్దెనిమిదేంది?”
“జీఎస్టీ” అన్నా.
“సచ్చినోళ్లు, పిలకాయల ఆటకు గూడానా!”
తిట్టుకుంటా పొయ్యికాడికి పోయింది.
లోహిత్ నా మొకం చూసినాడు.
నవ్వలా. ఏమీ అనలా.

నా పనేందంటే,
గుజ్జు ఫ్యాక్టరీలో డబ్బాల మీది చీటీలు చూసేది.
బెంగుళూరా కాయల కాలమంతా
కళ్లముందర డబ్బాలు నడస్తానే ఉంటాయి:
తయారైన తేదీ, వాడాల్సిన తేదీ, బ్యాచి నంబరు.
చీటీ నూలుపోగంత ఒరిగినా తీసి పక్కన పెడతా.
“నీది కన్ను గాదబ్బా, తక్కెడ” అంటాడు సూపర్వైజరు.
తేదీ పడని చీటీలు ఇంటికి తెస్తా,
వాడి నోటు పుస్తకాలకు.

ఒకనాడు రాత్రి షిఫ్టు నించి వచ్చి కిటికీలోంచి చూసినా.
తెర మీద ఎవురో మోకాళ్లూని చేతులెత్తినాడు.
మావాడు ఆటాపి, వచ్చి నాకు తలుపు తీసి,
“అన్నం తిన్నావా నాయనా” అని అడిగి,
మళ్లీ పోయి కాల్చినాడు.

నిన్న కరెంటు పోయింది.
టీవీ కింద అగ్గిపెట్టె కోసం తడమతా ఉంటే
ఆ డిస్కు అట్ట మూల గరుగ్గా తగిలింది.
సెల్లు లైటేసి చూస్తే
పద్దెనిమిది లేదు.
దాని మీద మా ఫ్యాక్టరీ చీటీ,
సగం కోసిన మామిడికాయ బొమ్మ.
తేదీ పడాల్సిన చోట పెన్సిలుతో, గుండ్రంగా:
ఎం. లోహిత్, నాలుగో తరగతి, బి సెక్షన్.
నాలుగు మూలలూ అచ్చంగా కుదిరినాయి.
ఇంత తిన్నగా అంటించడం
మా లైను మీద ఎవురికీ రాదు.

పక్కన చాప మీద వాడు
నిద్దర్లో బొటనేళ్లు కదిలిస్తా ఉన్నాడు.

గోరు పెట్టి ఒక మూల లేపినా.
కింద ఎర్రగా కనబడింది.
హంసవేణి కొవ్వొత్తి తెస్తా ఉంది.
మళ్లీ వేలితో అదిమినా,
గాలి బుడగ నిలవకుండా.