దవడ కట్టు

బ్రాడీపేట నాలుగో లైనులో
ఆదివారం సాయంత్రం ఆరింటికి
శవాలు లేచి నడుస్తాయట.
సువర్త ఫోన్ చేసి చెప్పింది:
"మనమూ పోదామే పేరిందేవీ,
ముప్పయ్యొక్కేళ్ళు చూశాంగా,
ఒక్కటంటే ఒక్కటి లేవలేదు."

పెద్దాసుపత్రిలో రిటైరై నాలుగేళ్ళు.
తను స్తంభాలగరువు, నేను కొరిటెపాడు.
షేర్ ఆటోలో పది నిమిషాల దూరానికి
మేం కలిసింది రెండు చావులప్పుడు,
ఒకసారి పెన్షన్ కాగితం కోసం.

పాత డ్యూటీ చీరలు తీశాం.
తన కుచ్చిళ్ళ మీద అయొడిన్ మరక
ఎన్ని ఉతుకులకీ లొంగనిది
అట్లానే ఉంది.
కళ్ళ కింద కాటుక పులుముకుని
"ఇంతకంటే వేషమెందుకు,
మిగతాది వయసు చూసుకుంటుంది" అంది.

లైను నిండా కాలేజీ పిల్లలు.
మొహాలకి మైదాపిండి,
మూతుల వెంట బెల్లంపాకంలో కలిపిన కుంకుమ.
ఈగలు మాత్రం నిజమనే నమ్మాయి.
ఒకడు చేతులు ముందుకు చాచి
కాలీడ్చుకుంటూ బజ్జీల బండి దాకా పోయి
"అన్నా, ఒక ప్లేటు, ఉల్లిపాయలెక్కువ"
అన్నాడు, చచ్చిన గొంతుతోనే.
బండాయన తలెత్తలేదు.
"చచ్చినా చిల్లర ఇవ్వాల్సిందే."

సువర్త ఊరుకుంటుందా?
"బాబూ, చెయ్యి అట్లా ఊగదు.
ముందు మెడ బిగుస్తుంది, తర్వాతే మోచేతులు..."
మోచేత్తో పొడిచాను.
ఆ పక్కనున్న పిల్ల, లిఖితట,
కళ్ళు పెద్దవి చేసుకుని వింటోంది.
"దవడ జారిపోతుందమ్మా, అందుకని కడతాం"
అంటూ సంచిలోంచి గాజుగుడ్డ చుట్ట తీసింది సువర్త.

కూరగాయల సంచి అది.
తను ఇప్పటికీ గాజుగుడ్డ మోస్తుందని
నాకు తెలీదు.

గడ్డం కింద నుంచి నడినెత్తి మీదుగా
రెండు చుట్లు, చెవి పక్కన ముడి.
నాకూ నాకూ అంటూ పిల్లలు వరసకట్టారు.
తను నవ్వుతూ కడుతూ ఉంది.
నేను వేళ్ళని చూస్తున్నాను.
ఆ రెండో వేసవిలో
ఆక్సిజన్ లారీ ఇంకా దారిలోనే ఉందన్న రాత్రి
ఇవే వేళ్ళు, ఇదే ముడి.
పదకొండో మంచం తర్వాత
నేను లెక్క మానేశాను.
తను మానలేదు.
పేర్లతో సహా.

పద్నాలుగో అడ్డరోడ్డు మలుపులో
డ్రైనేజీ మూత మీద ఒకడు బోర్లా పడ్డాడు.
భలే పడ్డాడని చప్పట్లు కొట్టారు.
అంత ఎరుపులో
ఏది ఎవరి ఎరుపో ఎవరికి తెలుస్తుంది?
సువర్త వంగి ఒక్కసారి వాసన చూసి
"ఇది బెల్లం కాదు" అంది.

మోకాలు దగ్గర మూడంగుళాల చీలిక.
నేను సోడాసీసా నీళ్ళు పోశాను.
చచ్చినవాడు
"మా అమ్మకి చెప్పకండి ఆంటీ" అని ఏడ్చాడు.
"ఊపిరి పీల్చు నాన్నా, గట్టిగా, ఇంకా గట్టిగా"
అంటున్న సువర్త గొంతు
కట్టు పూర్తయ్యాక కూడా ఆగలేదు.
వాడు పీలుస్తూనే ఉన్నాడు పాపం,
ఎందుకో తెలీకపోయినా.
ముప్పయ్యొక్కేళ్ళు వణకని చేతులు
అప్పుడు వణికాయి.
పట్టుకున్నాను.
అయొడిన్ లేదు, బెల్లంపాకం
ఇద్దరి వేళ్ళనీ అంటించేసింది.

తిరుగు ప్రయాణంలో ఆటో కుర్రాడు
అద్దంలో మమ్మల్ని చూసి
అడిగిన డబ్బులు తనే తగ్గించుకున్నాడు.
లక్ష్మీపురం మెయిన్ రోడ్డు ఎక్కాక
సువర్త నా గడ్డం కింద వేలు పెట్టి ఎత్తింది.
"నీకు నేనే కడతాలే."
"మరి నీకు?"

కాసేపు బయటికి చూసింది.
గాజుగుడ్డ చుట్టలో మిగిలిన మూర
నా సంచిలో, బజ్జీల పొట్లం పక్కన పెట్టి
"చల్లారిపోతాయే, తిను" అంది.