పన్నెండు చదరాలు

జుమ్మెరాత్ బజార్‌లో
ఒంటి చెప్పుల గుట్టకీ మోటరు లేని మిక్సీలకీ నడుమ
గోనెపట్టా మీద కూచుని ఉంది.
రెండు కళ్ళు, ఒకదాని కింద ఒకటి.
నాలుగు వేలన్నాడు. మూడువేల రెండొందలకి
తోలు సంచీ కూడా ఇచ్చాడు,
సంచీ అడుగున ఎవరిదో తాళంచెవి.

నేను ఎముకల ఫొటోలు తీసేదాన్ని.
నారాయణగూడలో ఇరవై ఆరేళ్ళు
ఊపిరి బిగబట్టండి, వదలండి అంటూనే గడిచింది.
ముఖం ఒక్కటీ తియ్యలేదు.

ట్రూప్ బజార్‌లో మెట్ల కింద
ఖుద్దూస్ సాబ్ మూత తెరిచి ఊదాడు.
ఒక సెకను అడిగితే షట్టర్ మూడు తీసుకుంటోంది.
"ముసలి మోకాలు, మేడమ్.
పొద్దుపొద్దున్నే ఉరికియ్యొద్దు.
దినాం పదిసార్లు ఖాళీగ నొక్కుండ్రి,
దానంతటదే యాదికి తెచ్చుకుంటది."
వెలుతురు కొలిచే ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది.
సిగరెట్ పెట్టె వెనక లెక్క రాసిచ్చాడు:
నిండు ఎండకు పదహారు, మబ్బుకు ఎనిమిది,
గడప నీడకు నాలుగు.
ఇంకా చీకటైతే?
"ఇంటికి పోయి చాయ్ తాగుండ్రి."

ఇది కంటికి ఆనించుకునేది కాదు.
బొడ్డు దగ్గర పట్టుకుని తల వంచాలి,
చేటలో రాళ్ళు ఏరేటప్పటిలా.
గరుకు గాజు మీద కోఠీ చౌరస్తా వణుకుతూ నిలబడింది
కుడి ఎడమగా మారి.
అఫ్జల్‌గంజ్ బస్సు వెంట తిప్పబోతే
అది నా చేతుల్లోంచి అవతలికి జారిపోయింది.
దుకాణం బోర్డు మీద ఉర్దూ
నా తెలుగులా ఎడమనుంచి కుడికి నడుస్తోంది.
దాని కిందే తెలుగు,
ఉర్దూలా కుడినుంచి ఎడమకి.
రెండూ రానిదాన్నై నిలబడ్డాను
ఆటోవాళ్ళు తిట్టేదాకా.

చుట్టకి పన్నెండే చదరాలు.
ఒక్కో నొక్కుడుకీ రెండు ఇరానీ చాయ్‌లు, నాలుగు ఉస్మానియా బిస్కెట్లు.
రోజుకి నూటయాభై ఛాతీలు తీసిన వేలు
బటన్ మీద ఆగి ఆలోచిస్తోంది.

మా సెంటర్లో చీకటి గది ఇప్పుడు విరిగిన కుర్చీలది.
కంప్యూటర్లొచ్చి పదిహేనేళ్ళు,
గోడలకి మందు వాసన మాత్రం పోలేదు,
చింతపండులో తుప్పు నానినట్టు.
ఆయా మాంకాళమ్మ కుర్చీలు జరిపింది.
అలవాటు చేతిది. ఎర్ర బల్బు వేశాను.
చుట్ట విప్పి, ముంచి, గడియారం చూసి, కడిగి ఎత్తితే
ఈ కొసనుంచి ఆ కొసకి నలుపు.
పన్నెండు మధ్యాహ్నాలు, ఒకటే అమావాస్య.

ఖుద్దూస్ సాబ్ నవ్వాడు, దగ్గొచ్చేదాకా.
"ఎర్ర బల్బు బొక్కలకు, మేడమ్.
ఈ ఫిల్ముకు ఎరుపు గూడ కనవడ్తది.
మనుషుల పని గుడ్డి చీకట్ల."

రెండో చుట్ట. తలుపు సందులకి పాత దుప్పటి.
కళ్ళు తెరిచినా మూసినా ఒకటే.
కాగితమేదో, ఫిల్మేదో వేళ్ళే చదవాలి.
బయట మాంకాళమ్మ కాపలా.
"లోపల మేడమున్నది, ఎవ్వరు రావొద్దు" అంటోంది,
ఎవరూ రాకపోయినా.

ఆరాక కత్తిరించి
గోడకున్న పాత లైటుపెట్టెకి తగిలించాను,
విరిగిన మణికట్లు వేలాడినచోట.
నాలుగు మసక.
ఒకదాంట్లో తిప్పడం మరిచినట్టున్నాను,
ఖుద్దూస్ సాబ్ గుండెలోంచి బస్సు పోతోంది.
ఏడోది మాంకాళమ్మ. మెట్ల మీద, చీపురు పక్కన పెట్టి.
నేను తల వంచుకున్నానుగా,
తీస్తున్నానని తెలియక ఎటో చూస్తోంది.

"గీమె ఎవరు?"
నువ్వే.
దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికి.
"ఎంటికలు నల్లగైనయి."
కాగితం మీద తీస్తే మళ్ళీ సరిగ్గా వస్తాయని చెప్పబోయాను.
"వద్దు. గిట్లనే ఉండనియ్యి."
నీళ్ళు ఆరని వేలితో
ఫిల్ము మీద పాపట సర్దుకుంది.
వేలిముద్ర పడింది.
నేను తుడవలేదు.