పెన్సిల్ చెక్కిన క్షణం

ఆ ఏడు హోమ్ రన్‌ల పట్టీలో
ఫినియస్ టర్ల్ పన్నెండు, మొదటి పేరు.
ఆన్స్‌గర్ ష్వెంక్ పదకొండు.
మధ్యనున్న ఆ ఒక్క అంకె
నలభయ్యేళ్ళుగా నా జేబులో ఉంది.

ఒహాయోలో, నది ఒడ్డు ఊళ్ళో, తంతి గుమాస్తాను నేను.
శనివారం మధ్యాహ్నాలు మాత్రం
మైదానం పక్కన కిరసనాయిలు పెట్టె మీద కూచుని
ఆటకో డాలరుకి పద్దు రాసేవాణ్ణి.
ఎవడు కొట్టాడు, ఎవడు జారవిడిచాడు,
ఎవడు ఏ మూల దాకా పరిగెత్తాడు.
చిన్న గడులు, చిన్న గీట్లు.

ఇప్పటి కుర్రాళ్ళు చెప్పినా నమ్మరు,
ఆటంతటికీ ఒకటే బంతి అప్పుడు.
ఏడో ఇన్నింగ్స్‌కల్లా
పొగాకు ఉమ్మీ బురదా గడ్డి పసరూ పట్టి
వాడిన వంకాయలా మెత్తబడేది.
దాన్ని దూరం కొట్టడమంటే
తడిసిన దిండుని ఏరు దాటించడం.
కంచె అడుగుతారు మీరు. కంచె ఎక్కడిది?
అవతల గుర్రబ్బళ్ళు, వాటి వెనక మొక్కజొన్న చేను.
చేలో బంతి పడిందా,
వెతికేవాడి కళ్ళకీ పరిగెత్తేవాడి కాళ్ళకీ పందెం.

ష్వెంక్‌ది మంచుదిమ్మల బండి.
తెల్లారకముందే మేడమెట్లెక్కి దిమ్మలు దించి,
భుజం మీద గోనె తడి ఆరకుండానే
బ్యాటు పట్టేవాడు.
పెద్దమనుషులకి నచ్చేది కాదు.
నేర్పున్నవాడు సందు చూసి నెడతాడట,
బాదేవాడు పోయి కట్టెలు కొట్టుకోవాలట.
వాళ్ళ ముందు నేనూ తలూపాను, అబద్ధమెందుకు.

ఒక ఏడాదైతే
బంతులు వదిలేసి ఊరికే నడిచెళ్ళినా
కొట్టినట్టే లెక్క అన్నారు.
బ్యాటు కదపనివాళ్ళ సగటులు
వానాకాలం పుట్టగొడుగుల్లా లేచాయి.
మరుసటేడు ఆ రూలు పోయింది.
కాకిలెక్కలు కాగితం మీద ఉండిపోయాయి.

నాది కాకిలెక్క కాదనుకునేవాణ్ణి.

సెప్టెంబరు, ఆఖరి శనివారం, తుంపర.
ష్వెంక్ కొట్టిన చప్పుడు విన్నాను. చూళ్ళేదు.
పెన్సిల్ ముల్లు విరిగితే తలవంచుకు చెక్కుతున్నాను.
తలెత్తేసరికి
ఎడమ మూల ఫీల్డరు మోకాళ్ళ మీద,
బంతి గడ్డిలో,
మంచుబండివాడు మూడో బేస్ దాటి
బురద చిమ్ముకుంటూ, టోపీ ఎక్కడో పారేసుకుని
ఇంటికొస్తున్నాడు.

"చేతికి అందిందా? అందలేదా?"
పక్కన వేరుశెనక్కాయలమ్మే క్విల్టీని అడిగాను.
"అంది జారింది" అన్నాడు,
ఎవరికో చిల్లర లెక్కపెడుతూ.

మూడు బేసులు, ఒక పొరపాటు. అలాగే రాశాను.
రాత్రికి తంతి మీద టకటకా పంపిందీ ఈ వేలే.

ష్వెంక్ అడగలేదు.
ఆ చలికాలం నది మీద మంచు కోస్తుంటే రంపం జారింది.
కుడిచేతి వేళ్ళు రెండు.
ఆ పైన బండి తోలాడు గానీ
బ్యాటు ముట్టలేదు.
వాకిట్లో దిమ్మ దించి
"పదిహేను సెంట్లు" అనేవాడు నాతో, అంతే.

మొన్న ఒక కుర్రాడొచ్చాడు,
పాత అంకెలు పోగుచేస్తున్నాడట.
"ఈ పదకొండు సరైనదేనాండీ?"
అచ్చయిందేగా, సరే అన్నాను.
కాఫీ ఇచ్చాను. వెళ్ళాడు.

వాడెళ్ళాక పాత పద్దు తీశాను.
పేజీ అంతా మొద్దు గీతలు, అలుక్కుపోయి.
ఆ ఒక్క గడిలోనే
అప్పుడే చెక్కిన ముల్లు,
సన్నగా, నల్లగా,
ఎంత స్పష్టంగా ఉందో.