తరువాయి వచ్చే సంచికలో

బల్లార్షా మూడో నంబరు ప్లాట్‌ఫారం మీద
నా పుస్తకాల కొట్టుకి ముప్పై ఒక్క ఏళ్లు.
కాజీపేట వైపు బండి ఆగితే తెలుగు వారపత్రికలు ముందుకు జరుపుతాను,
నాగపూర్ వైపుదైతే హిందీవి.
ఇందుమతి మెట్లు దిగుతుంటే
కండల పత్రికలన్నీ తీసి గల్లాపెట్టె మీద పెడతాను.

దుర్గం ఇందుమతి.
బొగ్గు టిప్పర్లు తూచే ధర్మకాంటాలో చీటీలు రాస్తుంది.
పగలంతా లారీల బరువు.
పొద్దుగూకాక, వార్ధా ఒడ్డున రేకుల షెడ్డులో
నూటపది కిలోల ఇనుము భుజాన వేసుకుని
కూర్చుని లేస్తుందట. నేను చూడలేదు.
నేను చూసింది ఒక్కటే:
ఇద్దరు హమాలీలు చేతులెత్తేసిన నా షట్టరును
ఎడంచేత్తో లేపి,
కుడిచేత్తో పత్రిక తిరగేస్తూ నిలబడటం.

"ఏమన్న అచ్చిందా కాకా?"

వస్తాయి, పూనా నుంచి, బొంబాయి నుంచి,
నున్నగా, కొత్త రంగు వాసనతో.
మగాడి వీపుకి పదహారు పేజీలు,
ఏ కండ ఎక్కడ పుట్టి ఎక్కడ అతుక్కుందో
నదుల పటంలా గీసి మరీ.
ఆడవాళ్లవి వెనక నాలుగు.
అందులో ఒకమ్మాయి గులాబిరంగు డంబెల్‌ని
తాంబూలం అందుకున్నట్టు పట్టుకుని నవ్వుతుంది.
కింద పెద్దక్షరాలు: భయపడకండి, మీకు కండలు రావు.

ఇందుమతి అది పైకి చదివి
బెంచీ ఊగేలా నవ్వింది.
"నా బుగులే అది కదనె కాకా!"

ఆమె కొనే పద్ధతి వేరు.
పూర్తి డబ్బిచ్చి, అక్కడే కూర్చుని,
మగాళ్ల పేజీలు పదహారూ జాగ్రత్తగా చించుకుని
మిగతాది నాకే ఇచ్చేస్తుంది.
నడుం సన్నం చేసే టీపొడి, పెళ్లిలోపు పది కిలోలు,
పేరు పలకలేని విదేశీ చేప.
అవన్నీ పాత కాగితాల సంచిలో వేస్తాను.
సంచి మిల్లుకి పోతుంది.
మిల్లు ఉడికించి, నలిపి, తెల్లగా ఆరేస్తుంది.
మళ్లీ దాని మీద ఏ నడుము అచ్చవుతుందో.

ఒకసారి ఉత్తరం రాసింది వాళ్లకి.
ముట్టు రోజుల్లో బరువు తగ్గించాలా, అదే ఎత్తాలా?
చేపకి బదులు శనగలూ సోయాబీనూ ఎన్ని గుప్పిళ్లు?
కమ్మీ పట్టి కాయలు కాసిన చేతులతో
పట్టు జారకుండా ఏం చెయ్యాలి?
మూడు నెలలకి జవాబు అచ్చయింది, అందం చిట్కాల్లో.
"సోదరీ, అరచేతులకు రాత్రిళ్లు వెన్న రాసుకోండి."

నవ్వుతుందనుకున్నాను.
నవ్వలేదు ఆ రోజు.

ఒక్కసారి మాత్రం, చిత్తుకాగితాల కట్టలో
అట్ట ఊడిన పాత సంచిక దొరికింది.
పేజీ నిండా ఒక ఆడమనిషి వీపు.
అరక దున్నిన నల్లరేగడిలా,
ఏ సాలుకి ఆ సాలు.
ఆరు పేజీల పాఠం. ఆడవాళ్లకే రాసింది,
ఎత్తి చూసినవాళ్లెవరో రాసింది.
ఇందుమతి బండి కూత వినలేదు.
చివరి వరసలో వేలాగింది:
తరువాయి వచ్చే సంచికలో.

రెండేళ్లు వెతికాను.
నాగపూర్ ఏజెంటు ఫోనులో ఆవులించాడు:
అది మూతబడి ఎనిమిదేళ్లయింది కాకా,
అసలు ఎవరు కొనేవాళ్లు?

ఈ మంగళవారం వచ్చింది,
చేతులకి తెల్లటి సుద్దపొడి అలాగే ఉంది.
పత్రిక అడగలేదు.
రెండు రూపాయల చిల్లర అడిగి
పాత రంగుబల్బుల బరువు మిషను ఎక్కింది.
అది గరగరమని చాలాసేపు ఆలోచించి
అట్టముక్క ఉమ్మింది.
అరవై తొమ్మిది.
పోయిన నెలకంటే రెండు ఎక్కువ.
పరీక్ష పాసైన మొహం పెట్టి
వెనక్కి తిప్పింది జాతకం కోసం.

మీ భారము త్వరలో దిగిపోవును.

"దిగనియ్య," అంది మిషనుతో,
సుద్ద వేలిముద్ర పడ్డ అట్టముక్కని
నా గల్లాపెట్టె మీద వదిలి,
ధర్మకాంటా వైపు నడిచింది.