ఖాళీ ఆసనానికి కొలతలు

భూకంపానికి రస్మిని ఇంట్లో
ఈశాన్యం మూల రాతిపీఠం నిలువునా చీలింది.
కొత్తది చెక్కమని కబురు పెట్టింది.
నేను నెంగా సుదార్కని,
బాలిలో, కరంగాసెం దిక్కున రాతిపనివాణ్ణి.
మా నాన్నా, వాళ్ల నాన్నా, అందరం
ఎవరూ కూర్చోని కుర్చీలు చెక్కి బతికినవాళ్లం.

అడుగున తాబేలు,
దాన్ని పెనవేసుకున్న రెండు పాములు,
పైన మేఘాలు, రెక్కలు,
అన్నిటికన్నా పైన ఒట్టి కుర్చీ.
బొమ్మ లేదు. ఉండదు.
ఆయన పేరే మా ద్వీపంలో అచింత్యుడు,
తలపుకి అందనివాడు.
అందనివాడికి వీపు ఎక్కడ ఆనుతుంది,
మోకాలు ఎంత దూరాన వంగుతుంది?
చిన్నప్పుడు అడిగితే నాన్న సుత్తి ఆపకుండానే
"వీపు సంగతి నీకెందుకురా, అంచు నున్నగా రానీ" అన్నాడు.

కొలతలకి మాత్రం లోటు లేదు.
ఇంటి యజమాని ఒంటితోనే కొలవాలి, అది మా శాస్త్రం.
పాత పీఠం ఆమె భర్త మూరతో కొలిచింది.
అతనూ అతని పడవా తిరిగిరాక పదకొండేళ్లు.
"మరి ఇప్పుడు యజమాని ఎవరు?" అన్నాను.
ఆమె ఏమీ అనకుండా
పిండి అంటిన చేయి చాచింది.

వెదురుబద్ద మీద గాట్లు పెట్టాను.
చాచిన వేళ్ల నడుమ జాన.
నాలుగు వేళ్లు కలిపితే బెత్త.
మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా మూర,
కాని కొస లేదు,
ఎప్పుడో కొబ్బరాకు చీలుస్తుంటే కత్తి తినేసింది.
"పోయిన కొసని కలిపి కొలవనా?"
"లేనిదాన్ని ఎలా కొలుస్తావయ్యా?" అంది.
నాకు నవ్వొచ్చింది. నేను చేసే పనే అది.

అలా
లోకాలన్నీ ఏలేవాడి పీఠం గోరంత తగ్గింది.
ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారి అన్నం దించగానే ఆమె
అరచేతిలో సగం ఉండే అరటాకు ముక్కలు పరిచి
నాలుగేసి మెతుకులు, చిటికెడు ఉప్పు పెట్టింది.
పొయ్యికొకటి, నూతికొకటి, గడపకొకటి,
మనవడి స్కూటరు సీటు మీద ఒకటి,
చెప్పాపెట్టకుండా నా ఉలుల సంచి మీద ఒకటి.
"ఆయనకి ఇరుకవదూ?" అన్నాను.
నేనడిగింది పీఠం గురించి.
ఆమె చేతిలో ఆకుముక్క వంక చూసుకుంది.
"రోజూ దీంట్లో సర్దుకుంటూనే ఉన్నాడుగా."

మా భాషకి మెట్లుంటాయి.
పెద్దలతో పైమెట్టు మాట, మనవాళ్లతో కిందిమెట్టు మాట.
ప్రతిష్ఠ రోజున పూజారి
పైమెట్టు మీద మొదలుపెట్టి
గంట మోగిస్తూ సంస్కృతంలోకి ఎక్కాడు.
ఆ మంత్రాల్లో ఆయన ఆదీ అంతమూ లేనివాడు,
గాలికి గాలి, నిప్పుకి నిప్పు.
నాకు ఒళ్లు జలదరించింది, అబద్ధమెందుకు.

నా వెనకనుంచి రస్మిని గొంతు.
అట్టడుగు మెట్టు మీంచి,
మరిదితో పోట్లాడే మాటల్లో, మెల్లిగా:
"పదకొండేళ్లుగా అడుగుతున్నా.
పడవ చెక్క ఒక్కటైనా చూపించలేకపోయావు.
సరే, కూర్చో.
ఎండ నెత్తికెక్కుతోంది."

పూజారి విన్నాడో లేదో.
గంట మాత్రం ఒక్కక్షణం ఆగినట్టనిపించింది,
చేయి మార్చుకున్నాడేమో.

పని అయ్యాక కొలబద్దని
ఆ ఇంటి చూరులోనే దోపి రావాలి.
మరిచిపోయి సంచిలో తెచ్చేసుకున్నాను.
ఇంకో ఇంటికి అది పనికిరాదు.
మా పెరట్లోనూ ఉంది ఒక పీఠం,
నా మూరతో, నా బెత్తతో, అంచు మహా నున్నగా.
దాని ముందు పూలు పెడతాను, నీళ్లు చల్లుతాను,
ఈ బద్ద చేతిలో పట్టుకుని కాసేపు నిలబడతాను.
ఇంతవరకు ఒక్క మాటా మాట్లాడలేదు,
ఏ మెట్టు మీద నిలబడాలో తెలియక.